అమ్ముడుపోయిన రాజు: చిన్ననాటి ఆదర్శపురుషులను గూర్చి ఒక పాఠము

ఒమాన్ దేశపు దక్షిణభాగమున, దోఫార్ మండలములో, సలాలా పట్టణమునకు పడమర దిక్కున రైసూత్ అను రేవు కలదు. పటము విప్పి చూచినచో ఈ రేవు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమున కానవచ్చును. ఆ గీటు వెంబడి వ్రేలిని తూర్పునకు జరుపుకొనుచు పోయిన యెడల అరేబియా సముద్రము దాటి, దక్కను పీఠభూమి దాటి, కాకినాడ, కోరంగి తీరమును చేరుదుము. ఒకప్పుడు కోరంగి రేవునుండి తెలుగు కూలీలు మారిషస్ కును బర్మాకును ఓడలెక్కిరి. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరే నిలిచిపోయెను. నేడు రైసూత్, సలాలా ప్రాంతములలో పనిచేయు భారతీయులలో తెలుగువారును కలరు. జూన్ నెలాఖరున నైరుతి ఋతుపవనము సోకగానే ఇచ్చటి ఎండుకొండలు పచ్చబడును. సన్నని తుంపర మూడు నెలలపాటు పడుచుండును. ఆ కాలమును అచ్చటివారు ఖరీఫ్ అందురు. తెలుగు రైతు తన తొలకరి పంటను పిలుచు పేరు కూడ ఇదియే. అరబ్బీ మాట ఎన్నడో సముద్రము దాటి వచ్చి మన పొలములలో దిగినది.

సలాలా వెనుకనున్న కొండలపై అయ్యూబు ప్రవక్త సమాధిగా చెప్పబడు స్థలమొకటి యున్నది. తెలుగు క్రైస్తవులు యోబు గ్రంథములో చదువునది ఈయన కథయే. ఈయన సమాధి తమయొద్దనే యున్నదని చెప్పుకొను స్థలములు ఇతర దేశములలో కూడ కలవు. ఆ వివాదముతో ఈ పాఠమునకు పనిలేదు. దోఫారు బాలునకు అయ్యూబు ఓరిమికి మారుపేరు. సంపద పోయినను, సంతానము పోయినను, దేహము వ్యాధిచే కృశించినను దైవమును విడువనివాడు. ఖురాను ప్రకారము ఆయన కాలితో నేలను తన్నగా చల్లని నీటి ఊట వెలువడినది. ఈ కథ విన్న తెలుగువాడెవ్వడును హరిశ్చంద్రుని తలంపక మానడు. అచ్చట దేవుని సన్నిధిలో సైతాను ఆక్షేపించెను. ఇచ్చట ఇంద్రసభలో వసిష్ఠునకును విశ్వామిత్రునకును పంతము పుట్టెను. ఇద్దరు సత్పురుషులును తమకు తెలియని పందెమునకు పణముగా నొడ్డబడిరి.

అయినను ఈ ఇద్దరికిని ఒక గొప్ప భేదము కలదు. దానిని గుర్తించినగాని, చెరకుతోటలలో పెరిగిన తెలుగు బాలునకు హరిశ్చంద్రుడు ఎట్టి ఆదర్శపురుషుడు కాగలడో తెలియరాదు. అయ్యూబు పోగొట్టుకొనెను, సహించెను. హరిశ్చంద్రుడు పోగొట్టుకొని, సహించి, అంతటితో నిలువక అమ్ముడుపోయెను, అమ్ముడుపోయి పనిచేసెను. బూడిదలో కూర్చుండి విలపించుటకు అతనికి తీరిక లేదు. తెల్లవారినది మొదలు కాటికాపరి కొలువు, యజమానికి లెక్క అప్పగింపవలసిన బాధ్యత. ప్రపంచ పురాణములలో రాజ్యము పోగొట్టుకొన్న రాజులు పెక్కండ్రు కలరు. సంతలో నిలువబడి, భార్యను బిడ్డను విక్రయించి, పిదప తన్ను తాను విక్రయించుకొని, కొన్నవానియొద్ద నమ్మకముగా కూలి చేసిన రాజు మరియొకడు కానరాడు.

కథ ఎరిగినదే గనుక క్లుప్తముగా చెప్పుకొందము. అయోధ్యాధీశుడగు హరిశ్చంద్రుడు విశ్వామిత్రునకు రాజ్యమంతయు ధారవోసెను. ఇంకను ఇయ్యవలసిన ధనము మిగిలినది. దానిని వసూలు చేయుటకు ముని తన శిష్యుడగు నక్షత్రకుని వెంట పంపెను. కాశిలో చంద్రమతిని, లోహితాస్యుని కాలకౌశికుడను బ్రాహ్మణునకును, తన్ను వీరబాహునకును అమ్మి రాజు ఋణము తీర్చెను. లోహితాస్యుడు పాముకాటుచే మరణింపగా చంద్రమతి శవమును కాటికి తెచ్చెను. కాటిసుంకము చెల్లింపనిదే దహనము చేయనీయనని హరిశ్చంద్రుడు పలికెను. ఆమె తన భార్యయని, శవము తన కుమారుడని తెలిసిన పిదపను అతడు సుంకము మన్నింపలేదు. సుంకము తనది కాదు, యజమానిది.

తెలుగువారు ఈ కథను ఎంతగా తమదిగా చేసికొనిరో తెలియుటకు గ్రంథములు తిరగవేయ నక్కరలేదు, ఇంటి మాటలు వినిన చాలును. విడువక వెంటబడి వేధించువానిని నేటికిని నక్షత్రకుడందురు. నిజము చెప్పువానిని సత్యహరిశ్చంద్రుడందురు. అబద్ధమాడువానిని ఎత్తిపొడుచుటకును ఆ పేరే వాడుదురు. పదునైదవ శతాబ్దిలో గౌరన ఈ కథను ద్విపదలో రచించెను. పిదప బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయ నాటకము వ్రాసెను. అందలి కాటిసీను ఒక్కటే ప్రత్యేకముగా రాత్రులపర్యంతము ఆడుట ఆంధ్రదేశమున ఆచారమైనది. గుఱ్ఱం జాషువా రచించిన శ్మశానవాటి పద్యములను నటులు ఆ రంగములో చేర్చి పాడిరి. అంటరానితనపు బాధ స్వయముగా అనుభవించిన కవి పద్యములు, కడజాతి యజమానిని కొలుచు రాజు నోట వినబడుట యాదృచ్ఛికమో కాదో గాని, వినువారికి మాత్రము అది ఎంతయో తగియున్నట్లు తోచినది. డి.వి. సుబ్బారావు వంటి నటులు ఈ ఒక్క పాత్రచేతనే ఊరూర పేరొందిరి.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. హరిశ్చంద్రుడు మొదటినుండియు ఇట్టివాడు కాడు. ఐతరేయ బ్రాహ్మణములో అతని కథ వేరు. సంతానము లేని రాజు వరుణుని వేడి, కుమారుడు కలిగిన యెడల వానినే బలి యిత్తునని మ్రొక్కెను. రోహితుడు జన్మించెను. రాజు నేడు రేపని వాయిదాలు వేయసాగెను. తుదకు రోహితుడు నూరు ఆవులిచ్చి అజీగర్తుడను దరిద్ర బ్రాహ్మణుని నడిమి కుమారుడగు శునశ్శేపుని తనకు బదులుగా కొనెను. మరి నూరావులకు ఆ తండ్రియే కుమారుని యూపమునకు కట్టెను; ఇంకొక నూరింటికి వధించుటకును సిద్ధపడెను. బాలుడు దేవతలను స్తుతించి విడుదల పొందెను. విశ్వామిత్రుడు వానిని తన కుమారునిగా స్వీకరించెను. ఈ పాతకథలో హరిశ్చంద్రుడు మాట తప్పినవాడు. పరుల బిడ్డ ప్రాణముతో తన బిడ్డ ప్రాణమును కాపాడుకొన జూచినవాడు. విశ్వామిత్రుడే దయామయుడు. పురాణకాలమునకు పాత్రలు తారుమారైనవి. కొనుగోలుచేసిన పక్షమున నున్న రాజును కథకులు తరతరములుగా చెప్పి చెప్పి తుదకు అంగడిలో అమ్ముడగువానిగా నిలువబెట్టిరి. మనుష్యులు తాము తలయెత్తి చూచువానిని తమకు కావలసినట్లు మలచుకొందురనుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

ఇక తోటల సంగతి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి బయలుదేరినవారిని డర్బను రేవున దించెను. 1911 వరకు నేటాలునకు చేరిన 1,52,184 మందిలో అధికభాగము మద్రాసు రాజధానివారు, అనగా తమిళులును తెలుగువారును. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో ఆరంభమైనవి. ఒడంబడిక సాధారణముగా అయిదేండ్లు. నేటాలులో పురుషునకు మొదటి యేడు నెలకు పది షిల్లింగులు, ఆపై ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. ఫిజీలో దినమునకు పురుషునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. ఓడ పట్టికలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య. ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, చివరకు దేహముపైనున్న పుట్టుమచ్చ లేక గాయపుమచ్చ. కాశీ అంగడిలో కాలకౌశికుడు సరకును పరీక్షించినట్లే ఈ పట్టికలును మనుష్యుని చూచినవి. కాని ఆశ్చర్యమేమనగా, తాతల ఊరిపేరు నేడు మనుమలకు దొరకునది ఆ పట్టికలలోనే. మారిషస్ లోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస పత్రములను వెదకి తమ మూలము కనుగొన్న కుటుంబములు కలవు.

తోటలో పుట్టిన పిల్లవాడు ఎవ్వరిని చూచి పెరిగెను? ప్రభువులలో తెల్లదొర కలడు. గుఱ్ఱముపై వచ్చును, భయము పుట్టించును. ఆతని క్రింద సర్దారు. పని కొలిచి అప్పజెప్పును, తక్కువైన కూలి కోయించును. పిల్లలకు సర్దారును చూచిన నక్షత్రకుడు జ్ఞప్తికి వచ్చుటలో వింతలేదు. సాయంకాలము లైనుకొట్టము ముందర కూర్చుండి కథ చెప్పు ముసలివాడు మరియొకడు. మారిషస్ తెలుగువారి రామభజనములో నడుమ దీపస్తంభము నిలిపి, చుట్టును తిరుగుచు తెల్లవారువరకు పాడుదురు. ఆ పాటను ముందెత్తుకొను భజన గురువునకు పగటిపూట చేతిలో చెరకు నరకు కత్తియే. సింహాద్రి అప్పన్న పండుగలో ప్రహ్లాదుని పేరు వినని బిడ్డ యుండడు. ప్రహ్లాదుడు తండ్రికి భయపడని బాలుడు గనుక పిల్లలకు సహజముగానే ప్రియుడు. అక్షరము వచ్చినవాడు మరియొక గొప్పవాడు. ఊరినుండి వచ్చిన జాబు చదివి చెప్పును, తిరుగు జాబు వ్రాసి పెట్టును. అట్టివాడు లేని తోటలలో జాబులు విప్పకయే పెట్టెలో నుండిపోయిన సందర్భములు లేకపోలేదు.

వీరిలో పురాణపురుషులకు పూజ జరిగినది. కాని కథ చెప్పినవారికి, అనగా ఆ ఒడంబడికపై వ్రేలిముద్ర వేసినవారికి, తమ సంతతిలోనే కొంతకాలము గౌరవము తగ్గినది. ఈ సంగతిని దాచుటవలన ప్రయోజనము లేదు. కూలి అను మాట తిట్టుగా వాడబడిన దేశములలో, బడికి పోయిన రెండవ మూడవ తరము పిల్లలు ఆ మాట వినిన తల వంచుకొనిరి. తాత వర్తకమునకు వచ్చెనని, సొంత ఖర్చుతో వచ్చెనని కొన్ని ఇండ్లలో చెప్పుకొనిరి. గిర్మిట్ అను మాటయే వినబడనీయలేదు. అమ్ముడుపోయిన రాజు కథ విని కన్నీరు పెట్టిన బాలుడే, అమ్ముడుపోయిన తాతను గూర్చి అడిగినప్పుడు మాట మార్చెను. సంతలో నిలువబడిన రాజునకు ఏ అవమానము లేనిచో తాతకు మాత్రము ఎట్లు కలిగినది? రాజు పూర్వము రాజు గనుక గొప్పవాడాయెనని కొందరు చెప్పవచ్చును. కథ అట్లు చెప్పుట లేదు. అయోధ్యలో సింహాసనముపై కూర్చుండినందుకు హరిశ్చంద్రుని ఎవ్వరును జ్ఞాపకము పెట్టుకొనలేదు. అట్టి సూర్యవంశపు రాజులు వరుసగా ఎందరో కలరు. కాటిలో కూలివాడుగా చేసిన పనికే అతని పేరు నిలిచినది.

హరిశ్చంద్రునితోపాటు చంద్రమతిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఉపాధ్యాయులు పలువురు ఈమెను భర్తవెంట నడచిన ఇల్లాలిగా చూపి విడిచిపెట్టుదురు. ముందుగా అమ్ముడుపోయినది ఆమెయే. పరుల యింట నీరు మోసినది, వడ్లు దంచినది, బిడ్డకు వైద్యము లేక పోగొట్టుకొన్నది, ఆ బిడ్డను రాత్రివేళ ఒంటరిగా మోసికొని కాటికి నడచినది ఆమె. తొమ్మిది పెన్నీల కూలికి పొలము కలుపు తీసి, ఇంటికి వచ్చి పొయ్యి రాజేసిన అవ్వలకు ఈ ఘట్టమున వ్యాఖ్యానము అవసరముండదు.

రాజకోటలో ఒక బాలుడు తండ్రి అనుమతితో హరిశ్చంద్ర నాటకము చూచి, అందరును ఇట్లే సత్యవంతులుగా ఏల యుండరాదని తనలో తాను ప్రశ్నించుకొనెను. మనస్సులో ఆ నాటకమును పలుమార్లు తానే ఆడుకొనెను. ఆ బాలుడు మోహన్ దాస్ గాంధీ; ఈ సంగతి తన ఆత్మకథలో ఆయనయే వ్రాసికొనెను. 1893లో నేటాలు చేరిన ఆయనయొద్దకు మరుసటి యేడు బాలసుందరము అను తమిళ కూలి వచ్చెను. యజమాని కొట్టగా ముందరి పండ్లు విరిగి, నెత్తురు కారుచు, తలపాగ చేతబట్టుకొని నిలువబడెను. తెల్లవారి ఎదుటికి వచ్చునపుడు కూలి తలపాగ తీయవలెనన్నది అచ్చటి వాడుక. అదే అలవాటు చొప్పున తోటి భారతీయుని యెదుట కూడ తీసెను. గాంధి పాగ చుట్టుకొమ్మనెను. కోర్టునకు తీసికొనిపోయి అతనిని వేరొక యజమానికి మార్పించెను. బాల్యములో రంగస్థలముపై చూచిన అమ్ముడుపోయిన మనుష్యుడు ఇట్లు ప్రాణముతో ఆయన గది గుమ్మములోనికి వచ్చి నిలిచెను. ఇరువదియేండ్లు గడచునాటికి ఆ పరిచయము ఎంత దూరము పోయెనో లోకమెరుగును.

గడువు తీరిన పిదప దేశమున నిలిచిన కూలిపై 1895 నాటి చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. పదునారేండ్లు దాటిన కుమారునకును, పదమూడేండ్లు దాటిన కుమార్తెకును ఆ పన్ను వేరుగా చెల్లింపవలసి యుండెను. లోహితాస్యుని తండ్రి ఋణమునకు తల్లితోపాటు అమ్మినట్లే గదా! ఆ పన్ను రద్దునకై 1913 నవంబరు 6న ట్రాన్స్ వాలు సరిహద్దు దాటి నడచినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు అని గాంధి లెక్క చెప్పెను. మరుసటి యేడు పన్ను రద్దయ్యెను. చెరసాలనుండి జ్వరముతో విడుదలై 1914 ఫిబ్రవరిలో మరణించిన పదునారేండ్ల తమిళ బాలిక వళ్ళియమ్మ పేరు నిలిచినది. ఆ 57 మంది పిల్లల పేర్లు పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు. ఆ పోరాటమున ముందు నిలిచిన తంబి నాయుడు మారిషస్ లో పుట్టిన తమిళుడు. ఆయనకు లిపి రాకున్నను తెలుగు కొంత వచ్చునని గాంధి వ్రాసెను. 1903లో ఆరంభమైన ఇండియన్ ఒపీనియన్ పత్రిక నాలుగు భాషలలో వెలువడినది. ఆ నాలుగింటిలో తెలుగు లేదు. తెలుగు బాలుడు ఆ వీరుల కథను పరభాషలోనో, పెద్దల నోటనో వినవలసి వచ్చినది.

సినిమా వచ్చిన పిదప వ్యవహారము మారినది. 1965లో ఎన్.టి. రామారావు సత్యహరిశ్చంద్రుడుగా తెరపై కనిపించెను. మంచి నటనయే, కాని పిల్లలు చూచినది కిరీటము, విన్నది పాట. తాత చెప్పునప్పుడు కాటిసీను అర్ధరాత్రి వరకు సాగును, నడుమ తన ఓడ సంగతియు కలియును. తెరపై ఆ కలయిక సాధ్యము కాదు.

తిరిగి రైసూత్ నకు వత్తము. ఈ రేవు 1998లో పెద్ద కంటైనరు రేవుగా విస్తరింపబడినది. తూర్పు పడమరల నడుమ పోవు ఓడలు ఇచ్చట ఆగి సరకు మార్చుకొనును. గల్ఫునకు వచ్చిన పనివారిలో పెక్కండ్రు కుటుంబములను వెంట తెచ్చుకొనజాలరు. వీరిని గిర్మిట్ కూలీలతో పోల్చువారు కలరు. పోలిక కొంతవరకే చెల్లును. గిర్మిట్ కూలి పని మానినచో క్రిమినలు శిక్షకు గురియయ్యెను. మరల స్వగ్రామము చూచుట పెక్కండ్రకు తటస్థింపలేదు. నేటి పనివాడు ప్రతి రాత్రి టెలిఫోనులో బిడ్డ ముఖము చూచును, సెలవుపై ఇంటికి పోవును. 2021 జనవరినుండి, ఒప్పందము ముగిసినవాడు పాత యజమాని అనుమతిపత్రము లేకయే క్రొత్త కొలువులో చేరుటకు ఒమాన్ ప్రభుత్వము వీలు కల్పించెను. అయినను ఒక్క విషయమున పోలిక తప్పదు. గోదావరి తీరమున నున్న బిడ్డకు తండ్రి ఒక గొంతు, నెలకొకసారి వచ్చు డబ్బు, రెండేండ్లకొకసారి వచ్చు పెట్టె. ఆ పెట్టెలోని బొమ్మలవలన ఆ తండ్రి వీరుడగును. ఆయన ఎండలో ఏ పనిచేయునో బిడ్డకు తెలియదు. తెలుపుటకు తండ్రికిని ఇష్టముండదు. ఆఫీసులో పనియని చెప్పువారు కలరు. వర్తకమునకు వచ్చితినని చెప్పిన ఆ పాత తాత మాట ఇచ్చట మరల వినబడుచున్నది.

మార్కండేయ పురాణములో కథ కాటితో ముగియదు. సామాన్యముగా నాటకములలో ఇది త్వరగా దాటిపోవు భాగము గనుక ఇచ్చట చెప్పుట యుక్తము. లోహితాస్యుడు బ్రదికిన పిదప ఇంద్రుడు విమానముతో వచ్చి స్వర్గమునకు రమ్మని పిలిచెను. హరిశ్చంద్రుడు కదలలేదు. తాను కొలుచు చండాలుని సెలవు లేనిదే వచ్చుటకు వీలులేదనెను. ఆ చండాలుడను తానేనని ధర్ముడు వెల్లడించిన పిదప, రాజు రెండవ మాట చెప్పెను: అయోధ్యలో తనకొరకు దుఃఖించుచున్న ప్రజలను విడిచి ఒక్కడును రానని, తన పుణ్యమేదైన నున్నచో అది వారందరితో కలిసి సంపాదించినదని, దాని ఫలము ఒక్కదినమే యగుగాక, అందరికిని సమముగా పంచవలెనని. ఇంద్రుడు సమ్మతించెను. రోహితుని అయోధ్యలో పట్టాభిషిక్తుని చేసి, ఊరివారితోను, వారి ఆలుబిడ్డలతోను హరిశ్చంద్రుడు విమానములెక్కెను.